ఉబ్బసమూ గుండే

మా పెద్దక్కయ్యకు ముప్ఫయి యేళ్లుగా ఉబ్బసం. నిరుడు ఒక రాత్రి ఆయాసంతో లేచి కూర్చుంటే, ఎప్పటిదే గదా అని పీల్చే మందు చేతికిచ్చి, వీపు నిమిరి, మేము మళ్లీ పడుకున్నాము. తెల్లవారి ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి, గుండె దెబ్బతిన్నదన్నారు.

ఆఫీసు కాగితాలవలె రోగాలనూ మేము వేరువేరు ఫైళ్లలో కట్టిపెట్టుకున్నాము. శరీరానికి ఆ ఫైళ్లు తెలియవు. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలిపొర వాచి ఉంటుంది. ఆ వాపును నడిపించే పదార్థాలు కొన్ని నెత్తురులో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. రక్తనాళాల గోడలలో కొవ్వు పూడిక పెరగడానికీ ఇటువంటి వాపే దోహదం. అమెరికాలో అయిదువేల మందిని పరీక్షించి 2022లో ప్రకటించిన లెక్క ఒకటున్నది. రోజూ మందు వాడవలసినంత ఉబ్బసమున్నవారిలో నూటికి 67 మందికి మెడ ధమనులలో పూడిక కనిపించింది. ఉబ్బసం లేనివారిలో నూటికి 50 మందికే. ఉబ్బసమే కారణమని దీనితో రుజువైపోలేదు గాని, ఏమరి ఉండదగినది కాదు.

ఆయాసం లేదు గదా అని రోజువారీ మందు మానరాదు. గుండె మాత్రలలో కొన్ని ఊపిరి గొట్టాలను బిగిస్తాయి గనుక ఆ డాక్టరుకు ఉబ్బసం సంగతి ముందే చెప్పాలి. పడుకుంటే ఆయాసం హెచ్చినా, ఛాతీ బరువెక్కినా, మందు పీల్చినా తగ్గకున్నా మావలె తెల్లవారేదాకా ఆగకండి.

అక్కయ్య ఇప్పుడు ఇద్దరు డాక్టర్ల చీటీలూ ఒకే సంచిలో పెట్టుకుని వెళుతున్నది.