చిత్రావలోకనం: సోదరి ఇంటి గడప

ఈ పర్యాయం మన శీర్షికకు ఒక ఆంగ్ల చిత్రాన్ని ఎన్నుకొన్నాము. వుడీ అలెన్ దర్శకత్వంలో 2013లో వెలువడిన ఆ చిత్రం పేరు ‘బ్లూ జాస్మిన్’. పొగ త్రాగే దృశ్యాల వద్ద హెచ్చరిక వాక్యం చూపాలన్న మన నిబంధనకు దర్శకుడు సమ్మతించనందున, ఆనాడు ఇది మన దేశపు చిత్రశాలల్లో విడుదల కాలేదు. కనుక కథను క్లుప్తంగా చెబుతాము.

జాస్మిన్ న్యూయార్క్ సంపన్న సమాజంలో వెలిగిన గృహిణి. భర్త హాల్ పరుల సొమ్ముతో మోసపు వ్యాపారం సాగించి పట్టుబడి, కారాగారంలో ఉరి వేసుకొని మరణిస్తాడు. ఆస్తి పోయింది, పరువు పోయింది, చుట్టూ చేరినవారూ పోయారు. చివరకు ఆమె శాన్‌ఫ్రాన్సిస్కోలో సోదరి జింజర్ ఇంటికి చేరుతుంది. చేతిలో చిల్లిగవ్వ లేకున్నా విమానంలో మొదటి తరగతిలోనే వస్తుంది! జింజర్ కిరాణా దుకాణంలో పనిచేస్తూ ఇద్దరు పిల్లలను పెంచుకొంటున్న సామాన్యురాలు. జింజర్ దంపతులకు లాటరీలో దక్కిన 2 లక్షల డాలర్లూ హాల్ చేతిలోనే హరించుకుపోయాయి. అయినా ఆమె తలుపు మూయలేదు.

జాస్మిన్‌గా నటించిన కేట్ బ్లాంచెట్ 2014లో ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకొన్నారు. జింజర్‌గా శాలీ హాకిన్స్ నటన కూడా అంతే సహజం. టెనెసీ విలియమ్స్ 1947 నాటి నాటకం ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ ఛాయలు ఈ కథలో కనిపిస్తాయి. ఆ నాటకంలోని నాయిక పాత్రను బ్లాంచెట్ 2009లో సిడ్నీ రంగస్థలంపై ధరించి ఉండడం విశేషం.

పల్సానాలో బ్రతుకుతున్న మనకు ఇది దూరదేశపు కథగా తోచదు. కలిమిలేములు కావడి కుండలని ఈ అద్దకం మిల్లుల ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు. 2008 నాటి ఆర్థిక మాంద్యంలో పని పోయిన సూరత్ వజ్రకార్మికులు ఎందరో సౌరాష్ట్రలోని స్వగ్రామాలకు, అయినవారి పంచకు తిరిగిపోయారు. తెలంగాణ నుండి మరమగ్గాలను నమ్ముకొని సూరత్ చేరిన మన నేత కుటుంబాలలోనూ, ముందు వచ్చినవారి ఇరుకు గదియే వెనుక వచ్చినవారికి తొలి నీడ. ఓడి వచ్చినవారికి చోటివ్వడం మనకు క్రొత్త కాదు.

అయితే చోటు దొరికినంత మాత్రాన జీవితం మళ్ళీ మొదలవుతుందా? చిత్రం లేవనెత్తిన ప్రశ్న ఇదే. జాస్మిన్ కంప్యూటర్ తరగతులకు వెళుతుంది, దంతవైద్యుని వద్ద ఉద్యోగంలో చేరుతుంది. అవి కష్టమైనా నిజమైన మెట్లు. ఇంతలో ఒక సంపన్నుడు పరిచయం కాగానే, భర్త శస్త్రవైద్యుడనీ, గుండెపోటుతో పోయాడనీ అబద్ధమాడుతుంది. అది బయటపడి వివాహం తప్పిపోతుంది. పైగా ఆశ్రయమిచ్చిన సోదరి బ్రతుకునూ, ఆమె ప్రేమించిన మెకానిక్‌నూ చిన్నచూపు చూస్తుంది. జింజర్ పోగొట్టుకొన్న సొమ్ముకు మనసారా ఒక పశ్చాత్తాపపు మాటైనా ఆమె నోట రాదు. చివరకు ఒక బల్లపై కూర్చొని తనలో తానే మాట్లాడుకొంటూ మిగిలిపోతుంది. ఆమెను చూస్తే కోపం కంటే జాలియే మిక్కిలి కలుగుతుంది.

మన గృహిణులు ప్రత్యేకించి గమనించవలసిన అంశం మరొకటున్నది. భర్త పెట్టమన్న చోటల్లా జాస్మిన్ సంతకాలు పెట్టింది, కాగితంలో ఏమున్నదో చూడలేదు. అడగకపోవడం నమ్మకమని మనమూ అనుకొంటాము. అప్పు పత్రమైనా, హామీ పత్రమైనా, భవిష్యనిధి నామినేషన్ అయినా భార్యాభర్తలిద్దరూ చదివి, తెలుసుకొని సంతకం చేయడం అనుమానం కాదు, సంసారానికి రక్ష.

ఓడి వచ్చిన బంధువు మన గడప తొక్కినపుడు, జింజర్ వలె ముందు తలుపు తీద్దాము. లెక్కలు తరువాత చూసుకొందాము. ఆ గడప తొక్కవలసిన వంతు మనదే అయినపుడు, నిజాన్ని వెంట తీసుకొని వెళదాము. ఆ ఇంటి పచ్చడి మెతుకులను చులకన చేయకుండా తినగలిగిననాడే మన క్రొత్త జీవితానికి మొదటి రోజు.