పట్టీలు వేసి పంపితే చాలదు

నెల బిడ్డకు భుజాల మీదుగా పట్టీలు వేసి, కాళ్లు కప్పలా మడిచి ఉంచితే ఇంట్లో పెద్దవాళ్లు ముందుగా అనే మాట, “చంటిదాన్ని ఇలా కట్టిపడేస్తారా?” ఆ మాట పడలేక రాత్రిపూట పట్టీలు విప్పేసే తల్లిదండ్రులను తప్పుపట్టడం తేలిక. ఎందుకు విప్పకూడదో వాళ్లకు ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా?

తొడ ఎముక గుండ్రటి తల తుంటి గిన్నెలో ఒదిగి ఉండాలి. కొందరు పిల్లల్లో గిన్నె లోతు చాలక తల జారిపోతుంది. ఆడపిల్లల్లో, కడుపులో ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డల్లో, ఇంట్లో మరొకరికి ఈ లోపం ఉన్నప్పుడు ఇది ఎక్కువ. నొప్పి ఉండదు, బిడ్డ ఏడవదు, అందుకే చాలాసార్లు కుంటుతూ నడిచేదాకా బయటపడదు. అప్పటికి శస్త్రచికిత్స తప్పకపోవచ్చు.

తొలి నెలల్లో గిన్నెలో చాలా భాగం మృదులాస్థే. తల సరైన చోట నిలిస్తే దాని చుట్టూ గిన్నె లోతుగా ఎదుగుతుంది. చెక్ వైద్యుడు ఆర్నాల్డ్ పావ్లిక్ 1940లలో రూపొందించిన పట్టీలు చేసే పని ఇదే. బిడ్డ కాళ్లు ఆడించవచ్చు, చాపడం మాత్రం కుదరదు. సాధారణంగా 6 నుంచి 12 వారాలు, మొదట్లో దాదాపు రోజంతా ఉంచాలి. 6 నెలలు దాటితే ఇవి పెద్దగా పనిచేయవు.

ఈ వారాలన్నీ గడిచేది ఇంట్లో. డైపర్ పట్టీల లోపల వేయాలి. మార్చేటప్పుడు మడమలు పట్టి ఎత్తకుండా పిరుదుల కింద చెయ్యి పెట్టాలి. మోకాళ్ల వెనుక మడతల్లో చర్మం ఒరుసుకుందేమో రోజూ చూడాలి. బిడ్డ ఎదిగేకొద్దీ పట్టీలు సరిచేయాల్సింది వైద్యులే. ఒక కాలు తన్నడం మానేస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, తొడ నరం నొక్కుకుపోయి ఉండవచ్చు. ఇవన్నీ చీటీ మీద రాసిస్తే సరిపోదు. తల్లి చేత, తండ్రి చేత అక్కడే ఒకసారి చేయించి పంపాలి. వీలైతే అమ్మమ్మనూ పిలవాలి.

కాళ్లు చాపి బిగించి చుట్టే అలవాటు గురించి కూడా చెప్పాలి. అలా చుట్టవద్దని జపాన్‌లో 1975 ప్రాంతంలో ప్రచారం చేశాక ఈ సమస్య బాగా తగ్గింది. మెడ నిలిచిన బిడ్డను మనవాళ్లు చంకనెత్తుకునే తీరు మాత్రం తుంటికి మంచిదే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఈ లోపం ఉంది. ఆశా కార్యకర్త పుట్టిన 42 రోజుల్లోపు పలుమార్లు ఇంటికి వస్తుంది. బిడ్డ తొడలు రెండూ సమానంగా విచ్చుకుంటున్నాయా అని ఆమె ఒక్కసారి చూసి, అనుమానం ఉంటే వైద్యుల దగ్గరకు పంపగలిగితే పట్టీలతోనే పోయే సమస్య ఆపరేషన్ బల్ల దాకా వెళ్లదు.