మృగశిరకు ముందు మూసీ ఒడ్డున



రోహిణి కార్తె ఎండ మాడ్చేస్తుండగానే సాయంత్రానికి ఈదురుగాలి, ఉరుములు, ఒక్కోసారి వడగళ్లు. తుంగతుర్తి నుంచి మిర్యాలగూడ దాకా వేసవి చివర ఇదే తీరు. సూర్యాపేట దగ్గర 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు దాటి, వాడపల్లిలో కృష్ణలో కలిసే మూసీ ఒడ్డున గాలం వేసేవారిని ఊరించే కాలమిది. పాశ్చాత్య దేశాల్లో ఈకలు, దారంతో పురుగు బొమ్మ కట్టి ట్రౌట్ చేపను మభ్యపెడతారు. మనవాళ్లు వానపామునో కప్పపిల్లనో గుచ్చి కొర్రమీను కోసం కాచుకుంటారు. ఓపిక మాత్రం ఇద్దరిదీ ఒకటే.

జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది. ఆ రోజు చేపల కూర తినడం మన ఆనవాయితీ. అయితే కొత్తనీటికి చాలా చేపలు గుడ్లు పెట్టేదీ ఈ రోజుల్లోనే. మన రాష్ట్ర చేప కొర్రమీను తన ఎర్రటి పిల్లల గుంపు వెన్నంటే ఉండి కాపాడుకుంటుంది. ఆ పెద్ద చేపను పట్టేస్తే పిల్లలకు దిక్కుండదు.

అందుకే ఈ సంచికను ఏటి చేపకూ, దాన్ని నమ్ముకున్నవారికీ అంకితం చేస్తున్నాం. మా విన్నపాలు రెండే. పిల్లలతో తిరిగే చేపను, వాగుకు ఎదురెక్కే చేపను వదిలేయండి. ఉరుము వినిపించగానే గాలం చుట్టేసి, చెట్టు కింద ఆగకుండా పక్కా ఇంట్లోకి చేరండి. చేప రేపైనా దొరుకుతుంది, ప్రాణం ముఖ్యం.

– సంపాదకుడు