"వేడి చేసింది" అంటే జ్వరం కాదు

మా దుర్గిలో ముసలివాళ్ళు "వేడి చేసింది నాయనా" అంటే చాలు, ఇంట్లోవాళ్ళు మజ్జిగో సబ్జా గింజల నీళ్ళో చేతికిస్తారు. మూత్రం పోసేటప్పుడు మంట అని విప్పి చెప్పక్కర్లేదు. ఈ మాటే మా పెద్దమ్మకు అమెరికాలో ప్రాణం మీదికి తెచ్చింది.

కొడుకు దగ్గరికని టెక్సాస్ వెళ్ళిందామె. ఒంట్లో బాగోలేని రోజున కొడుకూ కోడలూ డ్యూటీల్లో ఉన్నారు. పొరుగింటావిడ కారులో ఆసుపత్రికి చేర్చింది. దుబాసి ఎవరయ్యా అంటే పదకొండేళ్ళ మనవడు! వాడు "హీట్" అన్నాడు. డాక్టరు జ్వరమేమోనని థర్మామీటరు పెట్టాడు. జ్వరం లేదు. ఆ మంట ఎక్కడో పసివాడి ముందు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. రెండు మాత్రలిచ్చి పంపేశారు. వారం తిరక్కుండా ఇన్ఫెక్షను మూత్రపిండాలకు పాకి, ఐదు రోజులు మంచం మీద పడుకుంది.

పిల్లవాడి తప్పేముంది గనక! అక్కడి ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఆసుపత్రులు తగిన దుబాసిని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలనీ, అత్యవసరమైతే తప్ప పిల్లల చేత ఆ పని చేయించకూడదనీ నియమాలున్నాయి. వాటికి ఆధారం 2010 నాటి ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షను. ఇంగ్లీషు రానివారి కోసం 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును 2025 మార్చిలో రద్దు చేశారు గానీ, ఆ సెక్షను మాత్రం చట్టంలోనే ఉంది. ఫోనులో తెలుగు చెప్పేవాళ్ళు కూడా దొరుకుతారు. మనవాళ్ళే అడగరు. "మా అమ్మకు నేనున్నాగా" అన్న ధీమా ఒకటి! కొడుకున్నంత మాత్రాన తల్లి అన్నీ చెబుతుందా? విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు అపాయింటుమెంటు తీసుకునేటప్పుడే "తెలుగు దుబాసి కావాలి" అని గట్టిగా అడగాలి.

ఇంతా రాశాక నా మొహమే నాకు చెల్లకుండా ఉంది. ఆమధ్య మన ప్రాంతపు ఆసుపత్రి ఒకదానిలో, తండా నుంచి వచ్చిన ఒక లంబాడీ అవ్వ నా పక్కనే కూర్చుంది. తన భాషలో పది మాటలు చెప్పింది. మనవడు తెలుగులో రెండు ముక్కల్లో తేల్చేశాడు. డాక్టరు చీటీ రాసేశాడు. నాకప్పుడు ఏమీ తోచలేదు, పైగా క్యూ కదిలిందని సంతోషించాను.

తండాల నుంచి వచ్చి చదువుకుంటున్న మిత్రులు మన కాలేజీలోనూ ఉన్నారు. ఆడవాళ్ళకు ఆడపిల్లలు, మగవాళ్ళకు మగపిల్లలు చొప్పున, తర్ఫీదిచ్చి ఓ.పి. దగ్గర కూర్చోబెట్టమనీ, ఊరికే కాదు, భత్యమిచ్చి కూర్చోబెట్టమనీ మన యూనియన్ ఆసుపత్రి అధికారులకు అర్జీ పెట్టాలి. మొదటి సంతకం నేను చేస్తాను.