కార్బ్యురేటరుకు నీలాపనింద

పాత కారున్న ఇళ్ళలో ఒక మాట తరుచు వినబడుతూ ఉంటుంది: "బండి కుదుపుతోంది, లాగటం లేదు. కార్బ్యురేటరు పోయినట్టుంది." పాపం, అది వినాయక చవితినాడు చంద్రుణ్ణి చూసిందో ఏమో, ఇంజనులో ఏ మూల తప్పు జరిగినా నింద దానిమీదే పడుతుంది. వెంటనే దాన్ని ఊడదీయటం, కడగటం, మరలు అటూ ఇటూ తిప్పటం, చివరకు కొత్తది వేయించటం. డబ్బు ఖర్చవుతుంది. కుదుపు మాత్రం అలాగే ఉంటుంది.

అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే సెలవు తీసుకుంది. అయినా నాన్నగారు కొన్నదనీ, అమ్మాయి పెళ్ళిలో ఊరేగిందనీ ఆ బండ్లను అపురూపంగా చూసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాటి చప్పుడు విని జబ్బు చెప్పగల మెకానిక్కులు మాత్రం తగ్గిపోతున్నారు. అంచేత బండిగలవాళ్ళకే నాలుగు సంగతులు తెలిసి ఉండటం మంచిది. ఇది డబ్బుతో పోయే విషయం కూడా కాదు. పెద్దరోడ్డు దాటుదామని యాక్సిలరేటరు తొక్కగానే బండి ఒక్క క్షణం నీరసించి నిలబడిందనుకోండి. అవతలినుంచి లారీ వస్తోంది. వెనకసీట్లో పిల్లలున్నారు. ఆ ఒక్క క్షణం తక్కువదేం కాదు.

మంచి వైద్యుడు మందు రాసేముందు "నొప్పి ఎప్పుడు వస్తుంది?" అని అడుగుతాడు. ఇక్కడా అంతే. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడా? వేడెక్కిన తరవాతా? నిలబెట్టి ఉంచినప్పుడా? యాక్సిలరేటరు తొక్కిన క్షణంలోనా? నలభై మైళ్ళ వేగంలోనా? రెండు రోజులు గమనించి కాగితంమీద రాసుకోండి. సగం జబ్బు అక్కడే తేలిపోతుంది.

తరవాత చెవికి పని. ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి సైలెన్సరు దగ్గర నిలబడి వినండి. ఈ బండ్లలో సిలిండర్లు నాలుగు. అవి 1-3-4-2 వరసలో మండుతాయి. పద్యంలో ప్రతి పాదానా అదే చోట గణం తప్పినట్టు, లెక్క ప్రకారం ఒకే దెబ్బ జారిపోతూంటే, ఒక్క సిలిండరు పని ఎగ్గొడుతోందన్నమాట. ఎక్కడపడితే అక్కడ తడబడుతూంటే, తప్పు నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంది. కార్బ్యురేటరు నాలుగింటికీ కలిపి వండే వంటమనిషి. పంక్తిలో ఒక్కడికే కడుపు నిండకపోతే వంటమనిషిని తిట్టి ప్రయోజనమేమిటి?

ఆ ఒక్కడెవడో కనిపెట్టటం కష్టం కాదు. ఇంజను ఆపి, ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, దాని కొన ఇంజను లోహానికి ఆనేటట్టు కట్టి, మళ్ళీ స్టార్టు చేయండి. చప్పుడు ఇంకా కుంటితే ఆ సిలిండరు అంతవరకూ కష్టపడి పనిచేసినట్టే. ఏ తీగ తీసినా తేడా తెలియకపోతే అదే దొంగ. ఇంజను తిరుగుతూండగా మాత్రం తీగలు ముట్టుకోకండి. కాయిలులో వేల వోల్టుల కరెంటు పుడుతుంది.

దొరికినవాడి ప్లగ్గు విప్పి చూడండి. లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. పెట్రోలుతో తడిసి ఉంటే నిప్పురవ్వ అందలేదు. పొడిమసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ. జిడ్డునల్లగా ఉంటే లోపల రింగులో వాల్వులో అరిగి ఆయిలు పైకి వస్తోంది. అది కంప్రెషను పరీక్షకు తీసుకుపోవలసిన కేసు.

తప్పు ఉమ్మడిదైతే ముందు చూడవలసింది నిప్పురవ్వను. డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే పాయింట్లు కనబడతాయి. 1489 సి.సి. అంబాసిడరు ఇంజనులో వాటి ఎడం అంగుళంలో వెయ్యింట 15 వంతులుండాలి. వాడగా వాడగా ఆ ఎడం తగ్గిపోతుంది. నేనెరిగిన ఒక పెద్దమనిషి రెండుసార్లు కార్బ్యురేటరు మార్పించారు. ఆయన బండి వేడెక్కిన తరవాతే మొండికేసేది. తీరా చూస్తే పోయింది బొటనవేలంత కండెన్సరు! పాయింట్లు నల్లగా మాడిపోయి సాక్ష్యం చెబుతూనే ఉన్నాయి, అడిగినవాళ్ళే లేకపోయారు. ఇక వానాకాలం పొద్దుటిపూట మాత్రమే మొరాయించే బండికి, చీకట్లో బానెట్టు ఎత్తి చూడండి. తీగలమీద నీలిరవ్వలు పాకుతూ కనిపిస్తే తీగలు మార్చవలసిందే.

నిలబెట్టినప్పుడు వణికి, వేగంలో కుదుటపడే బండి దొంగగాలి పీలుస్తూండవచ్చు. కార్బ్యురేటరు కిందా, మానిఫోల్డు దగ్గరా గాస్కెట్ల అంచున కాస్త సబ్బునీళ్ళు చల్లండి. చప్పుడు మారితే కన్నం దొరికినట్టే. వేడి ఇంజనుమీద పెట్రోలు చల్లి చూసేవాళ్ళున్నారు. అది కొంప కాల్చుకునే పద్ధతి.

కొంతదూరం పోయి ఆగి, కాసేపుండి మళ్ళీ నడిచే బండికి ట్యాంకు మూత విప్పండి. ఉస్సుమని గాలి లోపలికి పోతే మూతలోని గాలిరంధ్రం పూడుకుపోయిందన్నమాట. అదీ కాకపోతే ఫిల్టరూ, పంపూ చూడాలి.

ఇవన్నీ దాటిన తరవాత కార్బ్యురేటరు వంతు. తొక్కగానే తటపటాయించే జబ్బుకు ఎస్.యు. కార్బ్యురేటరున్న అంబాసిడర్లలో మందు చాలా సులువు. పైనున్న చిన్నమూత విప్పి ఆయిలు ఉందో లేదో చూడండి. లోపలి పిస్టను ఒక్కసారిగా ఎగరకుండా పట్టి ఉంచేది ఆ ఆయిలే. అది ఎండిపోతే గాలి ముందు పరుగెత్తుతుంది, పెట్రోలు వెనకబడుతుంది. సొలెక్సు రకానికి యాక్సిలరేటరు పంపు ఉంటుంది. ఇంజను ఆపి, పైనుంచి చూస్తూ యాక్సిలరేటరు కదిపితే పెట్రోలు సన్నధారగా చిమ్మాలి. చిమ్మకపోతే డయాఫ్రము చిరిగిందో, దారి పూడిందో! దగ్గర్లో సిగరెట్టు మాత్రం ఉండకూడదు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరింది. అందులో ఆక్సిజను ఉంది గనక పాత జెట్టులకు మిశ్రమం పలచబడుతుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు దాన్ని ఓర్చుకోలేక ఉబ్బి, పగులుతాయి. వాటిని తగిన రకానికి మార్పించండి. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి. ఇథనాలు తేమను పీలుస్తుంది.

ఏం చేసినా ఒకసారికి ఒక్కటే మార్చి, నడిపి చూసి, తరవాతదానికి పొండి. నాలుగూ ఒక్కరోజే మారిస్తే జబ్బు పోయినా ఏ మందుకు పోయిందో తెలియదు. ఆపైన మెకానిక్కు దగ్గరకు వెళ్ళినప్పుడు "కార్బ్యురేటరు చూడవయ్యా" అనకండి. "వేడెక్కిన తరవాత మూడో సిలిండరు తప్పుతోంది, ప్లగ్గు తడిగా ఉంది" అనండి. ఆయన ముందు మీకు కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఆ తరవాతే బానెట్టు ఎత్తుతాడు.