కుక్కకి డోలో వెయ్యమన్న మేధావులకి...

పోయిన ఆదివారం డుంబ్రిగుడలో మా ఇంట్లో ఉన్నాను. చీకటిపడే వేళ రాళ్ళగట్టు దూకుతూ మా రాజుగాడు ముందుకాలి గోరు విరగ్గొట్టుకున్నాడు. రాజు అంటే మా నాన్న పెంచుతున్న ఊరకుక్క లెండి. గోరు సగం ఊడి వేలాడుతోంది, అరుగంతా రక్తం.

వెంటనే ఆఫీసు స్నేహితుల్ని వాట్సాప్‌లో అడిగాను. బుద్ధి తక్కువై! ఒకడు "డోలో 650 సగం వెయ్యి" అన్నాడు. ఇంకోడు "బ్రూఫెన్ బెటర్" అన్నాడు. మరొకాయన "ఊరకుక్కే కదా, అదే తగ్గుతుంది". చివరాయన "ఇంట్లో ప్రయోగాలొద్దు, వెంటనే వెట్‌కి చూపించు" అని మందలింపు.

అయ్యా, మీ మాదాపూర్ వేరు. ఇక్కణ్ణుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే, అదీ ఘాట్ రోడ్డు, రాత్రి, వాన. డాక్టరు దొరికేదాకా రక్తం ఆగుతుందా?

ప్రొడక్షన్ సర్వర్ మీద తెలియని కమాండ్ కొట్టమంటే వంద ప్రశ్నలేస్తాం కదా, ప్రాణమున్నదానికి మాత్ర మింగించే ముందు ఒక్క ప్రశ్న వేసుకోమా? బ్రూఫెన్ కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తుంది, కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం పోతుంది. మనకి పడే మోతాదు దానికి లెక్క కాదు.

"అదే తగ్గుతుంది" అన్నాయనకి: గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి. అది తెరుచుకుని బురదలో తిరిగితే చీము పడుతుంది, ముదిరితే ఎముకదాకా పోతుంది.

ఇంతకీ మేం చేసింది ఇదీ. నొప్పికి పెంచినవాణ్ణే కరుస్తుంది కాబట్టి ముందు మూతికి మెత్తటి గుడ్డ కట్టాం. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టాం, మధ్యలో తీసి చూడకుండా. ఇంకా కారుతుంటే కార్న్‌ఫ్లోర్ అద్దాం. ఆగాక గోరువెచ్చని ఉప్పునీళ్ళతో చుట్టూ కడిగి, వదులుగా కట్టు కట్టి, మూతిగుడ్డ తీసేశాం. నాకకుండా నాన్న రాత్రంతా పక్కనే కూర్చున్నాడు. వేలాడే ముక్కని మాత్రం పీకలేదు. సోమవారం పశువుల డాక్టరుగారు మత్తిచ్చి తీశారు.

అంటే ఇంటి వైద్యం డాక్టరుకి బదులు కాదు, డాక్టరు దాకా చేర్చే వంతెన. ఇరవై నిమిషాలకీ రక్తం ఆగకపోయినా, వాచినా, వాసనొచ్చినా ఇంట్లో కూర్చోవద్దు. పశువుల అంబులెన్సు నంబరు 1962, ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

కొండ మీద ఒంటరిగా ఉండే మా నాన్నకి రాత్రిళ్ళు కాపలా నేను కాదు, ఆ "ఊరకుక్కే". నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి. డోలో మాత్రం మీ తలనొప్పికే దాచుకోండి.