న్యాయం అడిగే ప్రార్థన

యెరూషలేము సమాధానం కోసం ప్రార్థించమని 122వ కీర్తన చెబుతుంది. రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాల విశ్వాసులకు ఇది ఎంతో పరిచయమైన మాట. అది ఆ కీర్తన ఆరో వచనంలో ఉంది. దానికి ముందున్న ఐదో వచనాన్ని మాత్రం తొందరలో దాటేస్తుంటాం. ఆ నగరంలో న్యాయం తీర్చే సింహాసనాలు ఉన్నాయని భక్తుడు అక్కడ గుర్తు చేసుకుంటున్నాడు. అంటే సమాధానం అడిగే ముందు ఆయన న్యాయపీఠాన్ని చూశాడు. ఈ వరుస మరచిపోతే మన ప్రార్థన సగమే అవుతుంది.

హెబ్రీ భాషలోని 'షాలోమ్' అనే మాటే మన బైబిల్లో సమాధానం. గొడవ సద్దుమణగడం ఒక్కటే దాని అర్థం కాదు. అందరూ క్షేమంగా, ఏ లోటూ లేకుండా ఉండడం, తెగిన బంధాలు కలవడం కూడా అందులో ఉన్నాయి. బలవంతుడు కొట్టి, బలహీనుడు నోరు మూసుకున్నా ఊరు ప్రశాంతంగానే కనబడుతుంది. అది షాలోమ్ కాదు. ప్రజల గాయాన్ని పైపైన కట్టి అంతా బాగుందన్న ప్రవక్తలను, యాజకులను యిర్మీయా తీవ్రంగా గద్దించాడు (యిర్మీయా 6:13,14).

2024 మార్చి 1న జరిగిన ప్రపంచ ప్రార్థన దినానికి ఆరాధన క్రమాన్ని సిద్ధం చేసింది పాలస్తీనా క్రైస్తవ స్త్రీలు. ప్రేమతో ఒకరినొకరు సహించమనే ఎఫెసీ పత్రిక పిలుపే వారి అంశం. యేసు పుట్టిన బేత్లెహేము 1967 యుద్ధం నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంకులో ఉంది. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు. సుమారు 250 మంది బందీలయ్యారు. ఆపై గాజాలో సాగిన యుద్ధంలో పదుల వేలమంది బలయ్యారు. 2025 అక్టోబరులో కాల్పుల విరమణ కుదిరింది. అందుకు దేవునికి స్తోత్రం చెల్లించాలి. అయితే షాలోముకు అది గుమ్మం మాత్రమే. ఆ దేశం కోసం మోకరించేవారు యూదు తల్లి కన్నీటిని, పాలస్తీనా తల్లి కన్నీటిని రెంటినీ దేవుని ఎదుట ఉంచాలి.

ఆక్రమణ మనకు పరాయి మాట కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో స్వదేశానికి చేర్చారు. బిడ్డలను గల్ఫ్‌కు పంపే సీమ మనది. అక్కడి నుంచి కబురు రాని రాత్రి ఎంత పొడవో మన తల్లులకు తెలుసు. యేసుప్రభువు కూడా రోమా ఆక్రమణలోనే పుట్టాడు, రోమా సిలువపైనే మరణించాడు. విసుగక ప్రార్థించాలని నేర్పడానికి ఆయన ఎంచుకున్నది ఒక విధవరాలి కథ (లూకా 18:1-8). ఆమె న్యాయాధిపతిని బిచ్చం అడగలేదు, జాలి చూపమనీ అడగలేదు. తనకు న్యాయం తీర్చమంది. అడగడం మానలేదు.

ఇక మన ఇంటి సంగతి చూద్దాం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం మే 18న ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో నిరసన హింసగా మారింది. ఒక మంత్రి ఇంటికి, ఒక శాసనసభ్యుని ఇంటికి, బస్సులకు నిప్పు పెట్టారు. పోలీసులు గాయపడ్డారు. రోజుల తరబడి ఇంటర్నెట్ నిలిచిపోయింది. జూన్‌లో మంత్రివర్గం ఆ పేరును ఆమోదించింది. నేడు జిల్లా ఆ పేరుతోనే ఉంది. దుకాణాలు తెరుచుకున్నాయి, బస్సులు తిరిగాయి. అంతటితో సమాధానం వచ్చినట్టేనా? రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడైన ఒక మహనీయుని పేరు దగ్గర మనుషులు ఇంతగా చీలారంటే, ఆ చీలిక ఒక్కరోజులో పుట్టింది కాదు. ఊరికీ పేటకూ మధ్య ఎప్పటినుంచో ఉన్న గీత అది.

మనుషుల మధ్య ఉన్న అడ్డుగోడను క్రీస్తు పడగొట్టాడని ఎఫెసీ 2:14 బోధిస్తుంది. బేత్లెహేము గోడ కూలాలని ప్రార్థించే సంఘం తన ఊరి గోడను చూడనట్టు ఉండలేదు. ఒకే బల్లలో పాలు పొంది, పెళ్లి సంబంధం దగ్గర కులం అడిగితే ఆ గోడ మన మందిరంలోనే ఉన్నట్టు.

కనుక ఈ ఆదివారం యెరూషలేముతోపాటు అమలాపురాన్నీ దేవుని ఎదుట ఉంచుదాం. ఇల్లు కాలినవారి కోసం, గాయపడిన పోలీసుల కోసం, తమవాడి పేరు వద్దన్నారని మనసు నొచ్చుకున్న పేటల కోసం, ఆవేశంలో రాయి విసిరిన యువకుల కోసం అడుగుదాం. తప్పు చేసినవాడు మారాలని కోరడం న్యాయానికి ఎదురు కాదు. చేసిన కీడును ఒప్పుకోవడంతోనే మార్పు మొదలవుతుంది. ప్రార్థన ముగిశాక ఊరినుంచి పేటకు, పేటనుంచి ఊరికి నాలుగడుగులు వేద్దాం. ఆ విధవరాలు కూడా ఇంట్లో కూర్చుని అడగలేదు, న్యాయాధిపతి దగ్గరకు నడిచి వెళ్లింది.